26/11 ముంబై దాడులు: భారత్ దౌత్య, న్యాయ పోరాటం

2008 నవంబరు 26న ముంబైపై పాకిస్తాన్‌కు చెందిన లష్కరే తోయిబా ఉగ్రవాదులు దాడి చేసిన తరువాత భారత ప్రభుత్వం పాకిస్తాన్‌పై సైనిక చర్యకు దిగలేదు. సాక్ష్యాధారాల సేకరణ, అంతర్జాతీయ ఒత్తిడి, బహిరంగ న్యాయవిచారణ, అంతర్గత భద్రతా సంస్కరణలు అనే నాలుగు మార్గాలను ఎంచుకుంది. ఉగ్రవాదాన్ని సంయమనంతో ఎదుర్కోవడంపై జరిగే చర్చల్లో ఈ ఉదంతం తప్పక ప్రస్తావనకు వస్తుంది. కుట్ర ఎక్కడ పుట్టిందో ప్రపంచం ముందు రుజువు కావడం ఈ విధానం సాధించిన గొప్ప ఫలితం. పాకిస్తాన్ కోర్టులు సూత్రధారులకు ఈ కేసులో నేటికీ శిక్ష వేయకపోవడం దానికి మిగిలిన పెద్ద లోటు.

నేపథ్యం

2001 డిసెంబరు 13న పార్లమెంటు భవనంపై దాడి జరిగినప్పుడు భారత్ ‘ఆపరేషన్ పరాక్రమ్’ పేరిట లక్షలాది సైనికులను సరిహద్దుకు తరలించింది. దాదాపు పది నెలల పాటు అణ్వస్త్ర దేశాలైన భారత్, పాకిస్తాన్ ఎదురెదురుగా మోహరించాయి. యుద్ధం జరగకపోయినా మందుపాతరలు, ప్రమాదాల వల్ల వందలాది భారత సైనికులు మరణించారు. 2002 జనవరిలో పాకిస్తాన్ లష్కరే తోయిబాను నిషేధించింది. అయితే హఫీజ్ సయీద్ నాయకత్వంలో జమాతుద్ దవా పేరుతో ఆ సంస్థ పని సాగుతూనే వచ్చింది. సైన్యాన్ని సరిహద్దులో నిలబెట్టినంత మాత్రాన ఉగ్రవాద సంస్థలు మూతపడవని ఈ అనుభవం తేల్చింది.

దాడి

కరాచీ నుంచి సముద్ర మార్గంలో బయలుదేరిన పదిమంది సాయుధులు దారిలో ‘కుబేర్’ అనే భారతీయ చేపల పడవను స్వాధీనం చేసుకుని, రాత్రివేళ దక్షిణ ముంబైలోని మత్స్యకారుల వాడ దగ్గర దిగారు. ఛత్రపతి శివాజీ టెర్మినస్, లియోపోల్డ్ కేఫ్, కామా ఆసుపత్రి పరిసరాలు, తాజ్ మహల్ ప్యాలెస్, ఒబెరాయ్ ట్రైడెంట్ హోటళ్లు, యూదుల కేంద్రమైన నారీమన్ హౌస్ వారి లక్ష్యాలయ్యాయి. నవంబరు 29 ఉదయం దాకా సాగిన ఈ మారణకాండలో 166 మంది ప్రాణాలు కోల్పోయారు.

గిర్గామ్ చౌపాటీ దగ్గర సహాయ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే తూటాలు దిగుతున్నా ఆ పదిమందిలో ఒకడైన అజ్మల్ కసబ్ తుపాకిని వదలకుండా పట్టుకుని నేలకొరిగారు. కసబ్ ప్రాణాలతో చిక్కాడు. ఆ తరువాత సాగిన దర్యాప్తు, దౌత్యం చాలావరకు ఆ ఒక్క త్యాగం మీదే నిలబడ్డాయి.

సంయమనం ఎందుకు?

దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేయగా పి. చిదంబరం ఆ బాధ్యత చేపట్టారు. నవంబరు 28న ఎవరో భారత విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ పేరుతో పాకిస్తాన్ అధ్యక్షుడు ఆసిఫ్ అలీ జర్దారీకి ఫోన్ చేసి బెదిరించారు. అది నకిలీ కాల్ అని తేలేలోగానే పాకిస్తాన్ వైమానిక దళం అప్రమత్తమైంది. ఒక అబద్ధపు ఫోను రెండు దేశాలను యుద్ధం అంచుకు నెట్టగలిగేంత ఉద్రిక్తత అప్పుడు నెలకొంది.

అప్పటి విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మీనన్ తొలి రోజుల్లో వెంటనే ప్రతిదాడి చేయాలన్నారు. తరువాత ఆలోచన మార్చుకుని, దాడి చేయకపోవడమే సరైన నిర్ణయమని 2016లో తన పుస్తకంలో వివరించారు. ఆయన వాదన ఇది: భారత్ బాంబులు వేస్తే ప్రపంచం దృష్టి హత్యాకాండ నుంచి ‘భారత్-పాక్ గొడవ’ మీదికి మళ్లుతుంది. పాకిస్తాన్‌లో పలుకుబడి తగ్గిన సైన్యం వెనక ప్రజలు మళ్లీ చేరతారు. కొత్తగా ఎన్నికైన పౌర ప్రభుత్వం బలహీనపడుతుంది. శిబిరాలకు కలిగే నష్టాన్ని ఉగ్రవాదులు తేలిగ్గా పూడ్చుకుంటారు. ప్రపంచ ఆర్థిక సంక్షోభ కాలంలో యుద్ధభారం భారత్ మీదా పడుతుంది. ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రభుత్వం చివరికి ఈ వాదన వైపే మొగ్గింది. పాకిస్తాన్‌తో సాగుతున్న సమగ్ర చర్చలను మాత్రం నిలిపివేసింది.

సాక్ష్యాల బాట

‘దక్కన్ ముజాహిదీన్’ పేరుతో వార్తాసంస్థలకు ఈ-మెయిల్ వెళ్లింది. ఉగ్రవాదుల వెంట ఉన్న నకిలీ గుర్తింపు కార్డుల్లో వారు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కళాశాల విద్యార్థులని రాసి ఉంది. దాడి చేసింది భారతీయులేనని నమ్మించాలన్నదే పథకం. తొందరపాటు తీర్పులకు తావిచ్చి ఉంటే హైదరాబాద్ యువకులపై అకారణంగా అనుమానం పడేది. దర్యాప్తు ఆ అబద్ధాన్ని చెదరగొట్టింది.

ఉగ్రవాదులు వచ్చిన రబ్బరు పడవకు యమహా ఇంజను ఉంది. చెరిపేసిన దాని నంబరును నిపుణులు తిరిగి రాబట్టగా, ఆ ఇంజను జపాన్ నుంచి కరాచీకి ఎగుమతి అయిందని తేలింది. దొరికిన జీపీఎస్ పరికరాల్లోని దారిని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ విశ్లేషించింది. పాకిస్తాన్‌లో కూర్చున్నవారు హోటళ్లలోని సాయుధులకు ఫోన్లో ఎప్పటికప్పుడు ఆదేశాలిచ్చారు. ఈ కాల్స్ ఇంటర్నెట్ ద్వారా, అమెరికాలోని న్యూజెర్సీ సంస్థ సేవలతో, ఆస్ట్రియా నంబర్ల మీదుగా నడిచాయి. వాటికి కట్టిన సొమ్ములో కొంత ఇటలీలోని బ్రెషా పట్టణం నుంచి వెళ్లింది. 2009లో ఇటలీ పోలీసులు అక్కడ ఇద్దరిని అరెస్టు చేశారు. ఇన్ని దేశాల సహకారం లేకుండా ఈ ముడి విప్పడం ఏ ఒక్క దేశానికీ సాధ్యమయ్యేది కాదు.

దౌత్య ఫలితాలు

2008 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆంక్షల కమిటీ లష్కరే తోయిబా నేతలైన హఫీజ్ సయీద్, జకీవుర్ రెహ్మాన్ లఖ్వీ తదితరులను ఉగ్రవాదుల జాబితాలో చేర్చింది. జమాతుద్ దవా లష్కరే తోయిబాకు మారుపేరేనని ప్రకటించింది. 2009 జనవరి 5న భారత్ సాక్ష్యాల సంపుటిని పాకిస్తాన్‌కు అందించి, ఇతర దేశాల రాయబారులకూ చూపింది. రెండు రోజుల తరువాత కసబ్ తమ పౌరుడేనని పాకిస్తాన్ ఒప్పుకుంది. కుట్రలో కొంత భాగం తమ గడ్డపైనే జరిగిందని ఫిబ్రవరిలో ఆ దేశ అంతర్గత వ్యవహారాల అధిపతి రెహ్మాన్ మాలిక్ అంగీకరించారు.

దాడికి ముందు ముంబైలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ 2009 అక్టోబరులో షికాగోలో దొరికాడు. 2013లో అమెరికా కోర్టు అతనికి 35 ఏళ్ల జైలుశిక్ష వేసింది. 2016లో అతను వీడియో ద్వారా ముంబై కోర్టుకు వాంగ్మూలమిచ్చాడు. ఫోన్లో ఆదేశాలిచ్చినవారిలో ఒకడైన జబీయుద్దీన్ అన్సారీని 2012లో సౌదీ అరేబియా భారత్‌కు పంపింది. హెడ్లీ సహచరుడు తహవ్వుర్ రాణాను అమెరికా 2025 ఏప్రిల్‌లో అప్పగించింది.

న్యాయవిచారణ

కసబ్‌ను మూకకు వదలలేదు, రహస్యంగా విచారించనూ లేదు. కోర్టు అతనికి న్యాయవాదిని నియమించింది. ఆర్థర్ రోడ్ జైలు ఆవరణలోని ప్రత్యేక కోర్టు 2010 మేలో మరణశిక్ష విధించింది. దానిని 2011లో బాంబే హైకోర్టు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఖరారు చేశాయి. క్షమాభిక్ష తిరస్కరణ తరువాత 2012 నవంబరు 21న పుణెలోని యెరవాడ జైలులో శిక్ష అమలైంది. అదే విచారణలో ఇద్దరు భారతీయ నిందితులపై తగిన సాక్ష్యం లేదని కోర్టు వారిని నిర్దోషులుగా ప్రకటించింది. దేశం ఉడికిపోతున్న వేళ కూడా రుజువు లేనిదే శిక్ష వేయకపోవడం ఆ తీర్పుకు విశ్వసనీయత తెచ్చింది.

అంతర్గత సంస్కరణలు

దాడి జరిగిన మరుసటి నెల, 2008 డిసెంబరులోనే పార్లమెంటు జాతీయ దర్యాప్తు సంస్థ చట్టాన్ని ఆమోదించింది. జాతీయ భద్రతా దళం కమాండోలు హర్యానాలోని మానేసర్ నుంచి ముంబై చేరేసరికి విలువైన గంటలు గడిచిపోయాయి. ఆ లోపాన్ని సరిదిద్దేందుకు 2009లో ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లలో ప్రాంతీయ కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ సహా తీర రాష్ట్రాల్లో మెరైన్ పోలీస్ వ్యవస్థ విస్తరించింది. మత్స్యకారులకు గుర్తింపు కార్డులు వచ్చాయి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగినప్పుడు దర్యాప్తు చేసింది కొత్తగా పుట్టిన ఈ జాతీయ దర్యాప్తు సంస్థే. నిందితులలో ఐదుగురిని 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చింది.

లోటుపాట్లు, విమర్శలు

పాకిస్తాన్‌లోని రావల్పిండిలో లఖ్వీ తదితరులపై మొదలైన విచారణ ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. ప్రభుత్వ న్యాయవాది చౌధరీ జుల్ఫికర్ అలీ 2013లో ఇస్లామాబాద్‌లో హత్యకు గురయ్యారు. 2015లో లఖ్వీ బెయిలుపై విడుదలయ్యాడు. 2018 నుంచి 2022 వరకు ఉగ్రవాద నిధులపై నిఘా ఉంచే అంతర్జాతీయ సంస్థ ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్‌ఏటీఎఫ్) పాకిస్తాన్‌ను ‘గ్రే’ జాబితాలో ఉంచడంతో ఒత్తిడి పెరిగింది. హఫీజ్ సయీద్, లఖ్వీలకు జైలుశిక్షలు పడ్డాయి గానీ అవి ఉగ్రవాద నిధుల కేసుల్లో పడినవే.

బదులు చెప్పకపోవడాన్ని ఎదుటివారు బలహీనతగా చూశారని, అందుకే దాడులు ఆగలేదని విమర్శకులు అంటారు. తరువాతి ప్రభుత్వాలు వేరే దారి పట్టాయి. 2016లో ఉడీ దాడి తరువాత సర్జికల్ స్ట్రైక్స్, 2019లో బాలాకోట్ వైమానిక దాడి, 2025లో పహల్గాం హత్యాకాండ తరువాత ఆపరేషన్ సిందూర్ జరిగాయి. సైనిక చర్య మేలా, సంయమనం మేలా అన్న వాదం తెగలేదు.

ప్రాధాన్యం

సంయమనం చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని 26/11 అనుభవం నిరూపించింది. పోలీసు సేకరించిన ఆధారం, దౌత్యవేత్త చేసిన ఒప్పందం, న్యాయమూర్తి రాసిన తీర్పు ఒకదానికొకటి తోడైతేనే అది ఫలిస్తుంది. దేశాల చిత్తశుద్ధి కొరవడితే సగంలో ఆగిపోతుంది. అంతర్జాతీయ ఉగ్రవాదంపై సమగ్ర ఒడంబడిక కావాలని భారత్ 1996లోనే ఐక్యరాజ్య సమితిలో ప్రతిపాదించింది. ఎవరు ఉగ్రవాదో నిర్వచించడంలో సభ్యదేశాలు ఏకాభిప్రాయానికి రాకపోవడంతో అది ఇప్పటికీ ఆమోదం పొందలేదు. హంతకులు ఒక సరిహద్దు దాటి నిశ్చింతగా బతకగలిగినంత కాలం 166 మంది మృతుల కుటుంబాలకు అందాల్సిన న్యాయం అసంపూర్ణమే. ఆ ఒడంబడికను పూర్తిచేయడం, ఉన్న అప్పగింత ఒప్పందాలను నిజాయితీగా అమలు చేయడం సభ్యదేశాలన్నిటి బాధ్యత.