డార్విను తేనెటీగలు: అంతరాత్మ ప్రామాణ్య విచారము

చార్లెస్ డార్విన్ మానవావతరణమును గూర్చి 1871లో ప్రకటించిన గ్రంథమున, నీతిబుద్ధిని చర్చించు ప్రకరణములో, ఏమరుపాటుతో చదువువారి కంటబడక పోదగిన చిన్న యూహ యొకటి కలదు: మానవులు తేనెపట్టులోని యీగలవలెనే పెరిగియుండినచో, అవివాహితలైన స్త్రీలు సోదరులను చంపుటయే పవిత్రధర్మమని తలతురనియు, తల్లులు సంతానవతులు కాగల కూతుండ్రను హతమార్చ యత్నింతురనియు, దానికడ్డుపడవలెనని యెవ్వరికిని తోచదనియు నాతడు వ్రాసెను. పరిణామవాదము నీతిశాస్త్రమునకు వేసిన నిజమైన ప్రశ్న యిందే కలదు. జీవనకలహము నీతికి విరుద్ధమా, అనుకూలమా యను ప్రసిద్ధచర్చ దీనియెదుట గౌణము.

డార్విను వాదక్రమ మిది. సంఘజీవనమునకు వలయు సహజప్రేరణలు దృఢముగా గల యే జంతువైనను, బుద్ధిబలము మానవునియందువలె వికసించినంతనే, అంతరాత్మను సంపాదించుకొనక తప్పదు. ఆకలి, క్రోధము మొదలగునవి తీరినంతనే శమించును. తోడివారియెడ సానుభూతి యన్ననో ఎడతెగక వెన్నంటి యుండును. కావున క్షణికవాంఛకు లోబడి దీనిని త్రోసిపుచ్చిన జీవి, జ్ఞాపకశక్తి కలదైనచో, పిదప తన చేతను దలచి పరితపించును. ఆ పరితాపమే ధర్మాధర్మ వివేకమునకు మూలము. అయితే మూలమొక్కటియే యైనను, సంఘజీవన విధానమునుబట్టి ఆ వివేకము విధించు కర్తవ్యము మారిపోవును.

ఈ మాటలోని తీక్ష్ణతను చక్కగా గ్రహించినది డార్వినునకు ప్రతిపక్షియైన ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను విదుషి. అంతరాత్మ యొక సంఘక్షేమమునకై యేర్పడిన ప్రేరణ మాత్రమే యైనచో దాని యాజ్ఞకు గౌరవమెక్కడిదని యామె కలవరపడినది. కేంబ్రిడ్జి తత్త్వవేత్త హెన్రీ సిడ్జ్విక్ 1872లో, ఉత్తమబుద్ధి గల యీగ జనసంఖ్యా సమస్యకు ఇంతకంటె మృదువైన పరిష్కారమును కోరియుండునని చమత్కరించెను. డార్విను 1874 నాటి ద్వితీయ ముద్రణమున నిరువురికిని అధోజ్ఞాపికలో సమాధానమిచ్చుచు, శిశుహత్య నవలంబించిన మానవసమూహములను జూపి సిడ్జ్విక్ యాశను శంకించెను. ఈగల ప్రేరణలు సమూహశ్రేయస్సునకై యేర్పడినవన్న సంగతిని కాబ్ విస్మరించినదనెను. ఆమె విస్మరించిన దేమియు లేదు. ఆ సంగతియే యామె యాక్షేపణకు ఆధారము.

టి. హెచ్. హక్స్లీ 1893లో ఆక్స్‌ఫర్డున నిచ్చిన రోమనీస్ ఉపన్యాసము ఇంతకంటె ప్రఖ్యాతము. మన కర్మసిద్ధాంతమును, బౌద్ధమును సయితము అందాతడు శ్రద్ధతో పరామర్శించుట మనకు ముచ్చట గొలుపును. కాని ప్రకృతి ప్రక్రియను అనుకరించుటచే గాక ఎదిరించుటచేతనే సంఘము నైతికముగా నభివృద్ధి నొందునన్న యాతడు, ప్రకృతినుండియే పుట్టిన మానవునకు ఎదిరించు నధికార మెట్లు కలిగెనో తేటపఱుపలేదు. పరిణామగతినే శ్రేయస్సునకు కొలతగా గైకొన్న హెర్బర్ట్ స్పెన్సరును 1903లో జి. ఇ. మూర్ ఖండించిన పిమ్మట ఆ మార్గమును గూర్చి చెప్పదగిన దంతగా లేదు.

డబ్ల్యు. డి. హామిల్టన్ 1964లో బంధుత్వగణితముచే కూలియీగల త్యాగమును వివరించెను: ఒకే తండ్రికి పుట్టిన కూలియీగలకు అక్కచెల్లెండ్రతో జన్యుసామ్యము నాల్గింట మూడువంతులు, సోదరులతో నాల్గింట నొక్కవంతు. (రాణియీగ పెక్కు మగయీగలతో కూడుటచే తేనెపట్టులో నీ లెక్క యంత సూటిగా నడవదు.) ఇట్టి గణన ప్రేరణ యేల నిలిచినదో చెప్పును, దానిని ధర్మమని మన్నింపవలెనా యన్న ప్రశ్నను తాకదు.

నాకు సిడ్జ్విక్ ఈగయందే విశ్వాసము. ఏలయన డార్వినే ఆ ప్రకరణమున, తెగనుండి జాతికిని, జాతినుండి సర్వమానవులకును వ్యాపించిన సానుభూతి తుదకు పశువులయెడ కరుణగా మారుటను వర్ణించుచు, ఈ కడపటి గుణము ఆనుషంగికముగా పుట్టినట్లు తోచుచున్నదనెను. పశుకరుణవలన తెగకు లాభము కానరాదు. లాభము లేని దిక్కునకు సైతము సానుభూతి ప్రసరింపగలదన్నచో, అంతరాత్మ తన పుట్టుక గీచిన గిరిలోనే నిలువవలసిన యావశ్యకత లేదు. ఇంతమాత్రముచే కాబ్ కోరిన ప్రామాణ్యము సిద్ధించినదని చెప్పజాలము. సానుభూతి విస్తరించుట మేలని నిర్ణయించుటకు మనకు గల సాధనము, చిక్కంతయు నిచటనే యున్నది, ఆ సానుభూతియే.