దారిలేని చోట గస్తీ: ఖర్చు ఎవరిది?

పోలీసు శాఖలోనో, రెవెన్యూలోనో, ఖజానాలోనో పనిచేసి రిటైరైన మనవారిలో ఏజెన్సీ డ్యూటీ చేసినవారు చాలామందే ఉన్నారు. జీపు ఆగిపోయిన చోటనుంచి కాలినడకన ఎక్కవలసిన ఊళ్లు వారికి కొత్తకాదు. అటువంటి ఊళ్లలో శాంతిభద్రతల కోసం తిరిగే గస్తీకి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్న నూరేళ్ల పైబడినది. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు వచ్చింది. ఆ జవాబుల చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుందాం.

కొండవారి ఖర్చుతోనే

1839 నాటి చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి, ప్రభుత్వ ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి అప్పగించింది. 'ఏజెన్సీ' అనే మాట అలా వచ్చింది. ఠాణాలు కొద్ది, దారులు అంతకన్నా తక్కువ. 1879 మార్చిలో రంప ప్రాంతం తిరగబడింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల వసూళ్లు అందుకు ముఖ్య కారణాలు. అందుకే జనాగ్రహం మొట్టమొదట ఠాణాల మీద పడింది. అణచడానికి మద్రాసు సైన్యం వచ్చింది. ఆ సైనికులను మన్యం జ్వరం పీడించింది.

ఆనాటి పోలీసు చట్టాలలో ఒక విచిత్రమైన నిబంధన ఉండేది. అల్లర్లు జరిగిన ప్రాంతంలో అదనపు పోలీసును నిలిపి, ఆ ఖర్చును అక్కడి ప్రజలనుంచే రాబట్టవచ్చు. అంటే గస్తీ ఎవరిమీదనో ఖర్చు కూడా వారిమీదనే.

రోడ్డు విషయంలోనూ అదే వరస. గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ హయాంలో గిరిజనులను రోడ్డు పనులకు బలవంతంగా దింపి సరైన కూలి ఇవ్వకపోవడం, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన మన్యం పోరాటానికి ఒక కారణమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా దాడికి గురయ్యాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు మరణించారు. మైదానపు పోలీసు చాలక మలబారు స్పెషల్ పోలీసును, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించవలసి వచ్చింది. 1924 మే 7న రాజు మరణించేవరకు కొండల్లో వేట సాగింది. కొండ నడక తెలిసిన బలగం వేరుగా ఉండాలని అప్పుడే తేలిపోయింది.

కేంద్రం నుంచి గ్రాంటు

1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చాక పోలీసు రాష్ట్రాల జాబితాలో చేరింది. అయితే షెడ్యూల్డు ప్రాంతాల పరిపాలనా స్థాయిని పెంచడానికి కేంద్రం గ్రాంటు ఇవ్వాలని 275(1) అధికరణం చెప్పింది. కొండల్లో పరిపాలనకయ్యే ఖర్చు కొండవారిది మాత్రమే కాదు, దేశమంతటిదీ అని ఒప్పుకోవడం ఇది. పాత నిబంధనతో పోల్చి చూస్తే ఎంత మార్పో తెలుస్తుంది.

1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తర్వాత ఉద్యమం ఏజెన్సీ అంతటా అంటుకుంది. ఆ రోజుల్లోనే, 1969–70లో, రాష్ట్ర పోలీసు బలగాల ఆధునికీకరణకు కేంద్ర పథకం మొదలైంది. వాహనాలు, వైర్‌లెస్ సెట్లు, ఆయుధాలు, భవనాలు దీని కిందికి వచ్చేవి. చాలాకాలం ఇందులో కొంత గ్రాంటు, కొంత అప్పు. 2005–06 నుంచి అప్పు భాగం తీసివేశారు. 1996 ఏప్రిల్ 1 నుంచి భద్రతా సంబంధ వ్యయం పథకం తోడైంది. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో రాష్ట్రం ముందుగా ఖర్చుచేస్తే కేంద్రం తిరిగి చెల్లించేది. మొదట సగం, 2005 నుంచి పూర్తిగా.

ఖాతాలు చూసిన మిత్రులకు ఇందులోని చిక్కు వెంటనే అర్థమవుతుంది. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు మన ఖజానాలో డబ్బుండాలి. మ్యాచింగ్ వాటా ఉండాలి. వినియోగ ధ్రువపత్రం వెళ్లాలి. మార్చి 31 ఎవరికోసమూ ఆగదు. ఒక్క ఏడాదిలో ఖర్చుపెట్టి చూపించడానికి వాహనం కొనడం తేలిక. కొండ ఎక్కగల మనిషిని తయారుచేయడం తేలిక కాదు.

జీపు దిగిన పోలీసు

మందుపాతరలు వచ్చాక ఆ వాహనమే ప్రమాదమైంది. రోడ్డు మీద వెళ్లే జీపే మొదటి గురి. పేలుడును తట్టుకునే వాహనాలు కొన్నారు. అవి కూడా ఎగిరిపోయిన సందర్భాలున్నాయి. 1989లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యాన గ్రేహౌండ్స్ దళాన్ని ఏర్పాటుచేసింది. దాని పద్ధతి సాదా పద్ధతి: రోడ్డు వదిలి, రాత్రిళ్లు నడిచి, మోసినదే తిని, అడవిలోనే పడుకోవడం. 'కూంబింగ్' అనే మాట మన పత్రికల్లో స్థిరపడింది ఆ కాలంలోనే. వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాదులో హత్యకు గురయ్యారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద జరిగిన దాడిలో 38 మంది ప్రాణాలు పోయాయి. అత్యధికులు గ్రేహౌండ్స్ వారే. దారిలేని చోట గస్తీకి అసలు ఖర్చు ఏమిటో ఆ ఇళ్లవారికే తెలుసు. ఇరువైపుల తుపాకుల నడుమ నలిగిన గిరిజన గ్రామాల నష్టం ఏ పద్దు కిందా చేరలేదు.

రోడ్డు తిరిగి వచ్చింది

గస్తీకి డబ్బిస్తే చాలదని, దారి కూడా కావాలని తర్వాత గుర్తించారు. 2009లో 8 రాష్ట్రాల్లోని 34 జిల్లాలకు ప్రత్యేక రోడ్ల పథకం వచ్చింది. 2016లో 44 జిల్లాలకు సుమారు 5,400 కిలోమీటర్ల రోడ్లతో మరొకటి మంజూరైంది. వందేళ్ల కిందట వెట్టిచాకిరితో వేయించిన రోడ్డు తిరుగుబాటుకు కారణమైతే, ఇప్పుడు కూలి ఇచ్చి వేసే రోడ్డు మీద పోలీసు ఒక్కడే కాదు, అంబులెన్సూ, రేషను బియ్యమూ, బడిపంతులూ వస్తారు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు. ఒకనాడు ఏ మనిషి కోసం గస్తీలు తిరిగాయో, ఆయన పేరే ఇప్పుడు జిల్లా పేరుగా ఉంది. గ్రాంటు ఒక ఏడాదికి వస్తుంది, మురిగిపోతుంది, మళ్లీ వస్తుంది. కొండ ఊరి నమ్మకం అలా కాదు. ఒకసారి పోతే తిరిగి రావడానికి తరం పడుతుంది. బడ్జెట్ అంకెలు రాసేవారు, ఆ అంకెలతో కొండ ఎక్కేవారు, ఇద్దరూ గుర్తుంచుకోవలసినది ఇదే.