బరువుకు తగిన బండి

 

మూడే చక్రాలు. ముందు ఒక్క దీపం. మోటారు సైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు. నడిపేవానికి ఒక సీటు, వెనుక చిన్న తొట్టి. 1957లో జపానులోని డైహట్సు కంపెనీవారు ఇటువంటి బండిని అమ్మకానికి పెట్టారు. దాని పేరు మిడ్జెట్, అనగా పొట్టిది. ఇంజను సుమారు 250 సీసీ. కాలితో తన్ని స్టార్టు చేయాలి. మోసే బరువు 300 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు ఆరు. చూస్తే నవ్వు వచ్చే ఈ బండి 1972 దాకా తయారై, 3 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఎందువల్లనో చూద్దాం.

1945లో యుద్ధం ముగిసేసరికి జపాను చితికిపోయి ఉంది. పెట్రోలుకు కటకట. 1946 నుంచి జరిగిన భూసంస్కరణల వల్ల కౌలుదార్లు సొంతదార్లయ్యారు గాని, సగటు కమతం రెండున్నర ఎకరాలే. అంత చిన్న రైతు లారీ ఎట్లా కొంటాడు? కొన్నా, గట్ల నడుమ దారిలో అది పడుతుందా?

1949లో అక్కడి ప్రభుత్వం ‘కే’, అంటే తేలిక, అనే తరగతిని ఏర్పరచింది. బండి పొడవు 2.8 మీటర్లు, వెడల్పు 1 మీటరు, ఇంజను 150 సీసీ దాటరాదు. ఆ కొలతల్లో పనికివచ్చే నాలుగు చక్రాల బండి చేయడం దాదాపు అసాధ్యమైంది. కొలత మరీ బిగిస్తే పని సాగదు గదా! కనుక పొడవును 3 మీటర్లకు, వెడల్పును 1.3 మీటర్లకు, 1955 నాటికి ఇంజనును 360 సీసీకి పెంచారు. ఆ హద్దులోని బండికి పన్ను తక్కువ, లైసెన్సు సులువు. అప్పుడు కంపెనీలు ముందుకొచ్చాయి. 1955లో సుజుకీవారి సుజులైట్, 1958లో నలుగురు కూర్చునే సుబారు 360 వచ్చాయి.

మిడ్జెట్‌ను మొదట ఎక్కువగా కొన్నది పట్నాల్లోని చిల్లర దుకాణదారులు. మూడు చక్రాల బండికి మలుపుల్లో ఒరిగిపోయే గుణం ఉంది. 1961లో వచ్చిన సుబారు సాంబర్ నాలుగు చక్రాలది. ఇంజను వెనుక ఉన్నందున తొట్టి ఖాళీగా ఉన్నా వెనుక చక్రాలు నేలను గట్టిగా పట్టుకొనేవి. తర్వాతి కాలంలో జనం దానికి ‘పొలందారి పోర్షే’ అని ముద్దుపేరు పెట్టారు.

రాబడి పెరిగినకొద్దీ కొలతలూ పెరిగాయి: 1976లో 550 సీసీ, 1990లో 660 సీసీ. అయినా ‘కే’ లారీ మోసే బరువు నేటికీ 350 కిలోలే. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800, 1984లో వచ్చిన మారుతి వ్యాను సుజుకీవారి ఈ పొట్టి బండ్ల సంతతే. మనకోసం 796 సీసీ ఇంజను అమర్చారు.

ఇందులో మనకు పనికివచ్చేది ఒకటుంది. బండికి అప్పు పత్రంపై సంతకం చేసేముందు మూడు లెక్కలు రాసుకోండి. మామూలు రోజున మోసే బరువెంత? మీ దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు వెడల్పెంత? ఏడాదిలో బండి తిరిగే రోజులెన్ని? కోతలనాటి పెద్ద బరువుకు కిరాయి బండి పిలుచుకోవచ్చు. ఆ నాలుగు రోజుల బరువు కోసం ఏడాది పొడుగునా వడ్డీ మోయకండి.

విస్తరణ మిత్రులకు కూడా ఒక మనవి. బండి గురించి సలహా అడిగిన రైతుకు ఇంజను గుర్రపు శక్తి చెప్పడం తర్వాత. ముందు టేపు పట్టుకొని అతనితో పొలందాకా నడవండి.