నొప్పి మందు, తొలి పాలు

పురిటి నొప్పికి మందు ఇస్తే బిడ్డ రొమ్ము పట్టదన్న భయం కొత్తదే కానీ, తొలి పాలు ఆలస్యం కావడం పాత సంగతే. 1847లో ఎడిన్‌బరోలో వైద్యుడు జేమ్స్ సింప్సన్ కాన్పులకు క్లోరోఫాం వాడాడు. ఆ మందు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాదులో 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేశాయి. అదే హైదరాబాద్ సంస్థానంలోని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు మాత్రం ఆ మందు చేరలేదు. అక్కడ కాన్పులు మంత్రసానులే చేసేవారు. అయినా ముర్రుపాలు పడవని పిండి పారబోసే ఇళ్లకు కొదవ లేదు. తొలి పాలకు ఆచారమే అడ్డుపడింది.

మందుల్లో అసలు నింద పెథిడిన్‌ది. 1930ల చివర వచ్చిన ఈ ఇంజెక్షన్ మాయ దాటి బిడ్డను చేరుతుంది. శరీరంలో అది మారగా పుట్టే నార్‌పెథిడిన్ పసికందు ఒంట్లో రోజుల తరబడి ఉండి మగత కలిగిస్తుంది. 1990లో స్వీడన్‌లో 72 మంది శిశువులను పరిశీలించినప్పుడు పెథిడిన్‌తో పాటు తల్లి నుంచి బిడ్డను వేరు చేయడం కూడా చప్పరింపును దెబ్బతీసిందని తేలింది. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ సంగతి వేరు. అందులో ఫెంటానిల్ మోతాదు ఎక్కువైతే ఆరు వారాల్లోపే పాలివ్వడం మానేసే తల్లులు పెరిగారని 2005లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. ఫెంటానిల్ తక్కువ గాఢతలను పోల్చిన 2017 అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు. కాబట్టి ఏ మందు, ఎంత, ఎప్పుడు అని అడగాలే తప్ప అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఉత్తర తెలంగాణలో ఈ చర్చ ఆపరేషన్ కత్తి దగ్గరికే వచ్చి ఆగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్‌లో అవి 80 శాతం దాటాయి, కుమురం భీం ఆసిఫాబాద్‌లో 30 శాతంలోపే ఉన్నాయి. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టిన బిడ్డలు రాష్ట్రంలో దాదాపు 37 శాతమే. ఇన్ని ఆపరేషన్లకు ముహూర్తాలతో పాటు నొప్పి భయం కూడా కారణం. నొప్పి తగ్గించే దారి లేని చోట ఆపరేషనే నొప్పి మందు అవుతోంది.

అయితే ఆపరేషన్‌కూ మత్తు కావాలి కదా, పాలకు అదే అడ్డు కాదా అని అడగవచ్చు. వెన్నులో ఇచ్చే స్పైనల్ మందు మోతాదు చిన్నది, పాలలోకి చేరేది అత్యల్పం. ఆలస్యం ఎక్కువగా తల్లి థియేటర్‌లో, బిడ్డ మరో గదిలో ఉండటం వల్లే. స్పైనల్ దిగాక కోత నొప్పికి మందు ఇవ్వకపోతే తల్లి పక్కకు తిరిగి పాలివ్వడమే కష్టం. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి పాలిచ్చే తల్లికి సరిపోతాయి. ట్రమడాల్‌ను పాలిచ్చేవారికి వద్దని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది.

మందే లేకుండా కాన్పు చేయిస్తే పోదా అన్నది మరో మాట. ఆ దిశలోనే రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. పక్కన మనిషి ఉండటం, నడిపించడం, వీపు రుద్దడం నిజంగానే నొప్పిని తట్టుకునే బలాన్నిస్తాయి. కానీ అవే చాలు, నువ్వే ఓర్చుకో అని తల్లితో అనడం న్యాయం కాదు. సహాయం, సరైన మోతాదులో మందు, పుట్టగానే బిడ్డ తల్లి గుండెల మీద ఉండటం, ఈ మూడూ కలిసి అందాలి. పాల పేరు చెప్పి మందును ఆపే ఆసుపత్రి ముందుగా తల్లీబిడ్డలను విడదీయడం మానాలి.