కొండ ఊళ్ల కథలు – 4: అరకు కాగితం ఎవరి పేరు మీద ఉంది?

అరకు అనగానే మనకు రైలు, బొంగు చికెన్, ధింసా, సెల్ఫీలు గుర్తొస్తాయి. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. ఆ ఊరికి ఒక చరిత్ర ఉంటుందని తట్టలేదు.

ముందు రైలు సంగతి. అది మన విహారం కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు చేర్చడానికి 1960ల్లో కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. ఖనిజం కిందికి దిగింది. అదే పట్టాల మీద పర్యాటకులూ వ్యాపారులూ పైకి ఎక్కారు. బగత, కొటియా, పోర్జ, కోందు జనం అడ్డాకులు, కొండచీపుళ్లు, పసుపు మోసుకొచ్చే సంత ఊరు లాడ్జీల ఊరైంది.

అయినా భూమి మొత్తం చేతులు మారిపోలేదంటే కారణం 1/70. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడి దగ్గర భూమి ఉంటే అది ఆదివాసీదేనని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. అరకు పక్కనే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు మైనింగ్ లీజుల మీద ‘సమత’ సంస్థ పోరాడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఈ చట్టం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని తేల్చింది. సర్కారు భూమైనా సరే, అక్కడ ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదంది.

మొన్న ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, మాల మాదిగలం మనమూ అక్కడ సెంటు కొనలేం కదా, ఇది న్యాయమేనా?"

ఆ ప్రశ్న నన్ను గుచ్చింది. మా ఇంట్లో ఎవరి పేరు మీదా సెంటు భూమి లేదు. అయినా న్యాయమే అంటాను తమ్ముడూ. మన భూమిని లాక్కున్నది ఆదివాసీ కాదు. మనకు రావాల్సింది పల్లంలోనే ఉంది. 1973 సీలింగ్ చట్టానికి చిక్కకుండా దొరలు బినామీ పేర్లలో దాచిన భూమి అది. ఆ బినామీయే ఇప్పుడు కొండెక్కి, ఆదివాసీ పేరు మీద రిసార్టు కడుతోంది. పల్లంలో మనల్ని ముంచిన ఎత్తుగడకు కొండమీద మనం వంత పాడతామా? 1/70ని సడలించిన రోజున కొనేది నువ్వూ నేనూ కాదు, డబ్బున్నవాడు.

ఈసారి అరకు వెళితే వ్యూ పాయింట్ దగ్గర ఫోటో దిగండి, తప్పు లేదు. కానీ బస చేసిన చోట ఒక్క మాట అడగండి: కాగితం ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఎవరింటికి పోతోంది?

జై భీమ్.