కర్నల్ దాట్ల సత్యనారాయణరాజుగారు

రేపల్లె సీమలోని నిజాంపట్టణపు రేవునకు 1611లో ఆంగ్లేయ వర్తకుల ఓడ వచ్చెను. మూడు శతాబ్దములు గడచిన పిమ్మట, 1913లో, ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో కూడెను. 1942 ఆగస్టు 12వ తేదీన తెనాలిలో ప్రజలు తిరుగబడిరి, రైల్వేస్టేషను తగులబడెను, పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరగిరి. రణరంగచౌకులోని స్తూపములు వారి స్మారకములే. పరప్రభుత్వము అడుగుపెట్టిన రేవును, జాతి మేలుకొన్న తావును, రక్తము చిందిన వీథియు ఈ సీమవారికి కాలినడకకు అందునంత దూరముననే కలవు.

తెనాలి వీరులు ఎదుట నిలిచి పోరాడిరి. బ్రిటిషువారి జీతము తినుచు, వారి దుస్తులు ధరించిన భారతీయ సైనికుని ధర్మమేమి? ఆ ప్రశ్నకు తన జీవితముతో సమాధానము చెప్పిన ఆంధ్రులలో కర్నల్ దాట్ల సత్యనారాయణరాజుగారు ముఖ్యులు.

రాజుగారు 1904లో పశ్చిమగోదావరి మండలములోని పోడూరున జన్మించిరి. వైద్యవిద్య నభ్యసించి, రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమున వైద్యాధికారులైరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమయ్యెను. అచ్చట పట్టువడిన భారతీయ సైనికులు సుమారు 45,000 మంది. వారిలో పలువురు మోహనసింగు నాయకత్వమున స్వాతంత్ర్యసేనగా ఏర్పడిరి. ఆ యత్నము ఆ సంవత్సరాంతమునకే చెదరిపోగా, 1943 జూలైలో సింగపూరు చేరిన నేతాజీ సుభాష్ చంద్రబోసు దానికి మరల ప్రాణము పోసెను. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వము వెలసెను. ఆ సేనలో వైద్యాధికారియై, నేతాజీకి స్వయముగా వైద్యము చేయు భాగ్యమును పొందినవారు రాజుగారు.

ఆ సేనలో వైద్యుని పని తేలికైనది కాదు. 1944లో ఇంఫాలుపై దండెత్తిన దళములను తుపాకిగుండ్లకంటె ఆకలియు, మలేరియాయు, రక్తవిరేచనములును ఎక్కువగా పొట్టనబెట్టుకొనెను. వానలకు బర్మా దారులు తెగిపోయెను. తిండియు మందులును ముందుకు పోవు మార్గము లేకుండెను. రామాయణమున సుషేణుడు యోధుడు, వైద్యుడు కూడ. సంజీవిని తెచ్చుటకు ఆయనకు హనుమంతుడు దొరకెను. బర్మా అడవులలోని వైద్యులకు అట్టి భాగ్యము లేదు.

యుద్ధము ముగిసెను. 1945 నవంబరులో ఎర్రకోటలో షానవాజ్‌ఖాన్, సెహగల్, ధిల్లాన్ అను ముగ్గురు సేనానులపై విచారణ మొదలయ్యెను. భూలాభాయి దేశాయి వారి పక్షమున వాదించెను. న్యాయస్థానము విధించిన ప్రవాసశిక్ష ప్రజాగ్రహమునకు వెరచిన సర్వసేనానిచే 1946 జనవరిలో రద్దయ్యెను. నాడు వాదమంతయు ఒక్క మాటపై నడచెను: ఉప్పు తిన్నవాడు ఎవరికి బద్ధుడు? కుంభకర్ణుడు అన్న తప్పు నెరిగియు అన్నకొరకే పోరి మడిసెను. విభీషణుడు ధర్మమునకై అన్నను విడిచెను. లోకము ఇరువురను గౌరవించినది కాని, విభీషణుని నింద నేటికిని పూర్తిగా మాసిపోలేదు.

విభీషణునకు లంక దక్కెను. ఆజాద్ హింద్ సైనికునకు కొలువు కూడ దక్కలేదు. 1947లో స్వాతంత్ర్యము వచ్చినది. స్వరాజ్యపు సైన్యము మాత్రము వారిని తిరిగి చేర్చుకొనలేదు. సేనలో కట్టుబాటు చెడునని పెద్దలు భావించిరి. ఆ భయమున కొంత న్యాయము లేకపోలేదు. రాజకీయ కారణమున ఒకమారు ప్రతిన దాటిన సైనికుని, దాటని సైనికుని ఒకే వరుసలో నిలుపుట సులభము కాదు. కాని ఎర్రకోట పేరు చెప్పి దేశమంతట ఓట్లడిగిన పిదప ఆ సైనికులను గుమ్మము వెలుపల నిలుపుట కన్నులకు కనబడు అన్యాయమే. వారికి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను 1972 నాటికి గాని అందలేదు.

సేన తలుపు మూసికొనగా ప్రజలు మరొక తలుపు తెరచిరి. రాజుగారు 1957లో రాజమండ్రి నుండి లోకసభకు ఎన్నికైరి. 1962లోను, 1967లోను ప్రజలు మరల వారినే పంపిరి. ఢిల్లీకి పోయినను వారు వైద్యవృత్తిని మరువలేదు. 1958లో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాలను నెలకొల్పినవారిలో వారు ప్రముఖులు. తీరాంధ్రమునకు విశాఖపట్టణమును, గుంటూరును మాత్రమే వైద్యవిద్యకు దిక్కుగా నున్న కాలమది. 1962 ఎన్నికల అనంతరము నెహ్రూ మంత్రివర్గమున ఆరోగ్యశాఖలోను, పిమ్మట రక్షణశాఖలోను వారు ఉపమంత్రులైరి.

రక్షణశాఖ ఈ సీమవారికి అపరిచితము కాదు. 1952లో తెనాలి నుండి లోకసభకు ఎన్నికైన కొత్త రఘురామయ్యగారు 1957 నుండి ఆ శాఖలోనే ఉపమంత్రిగా నుండిరి. అయితే రఘురామయ్యగారు బారిస్టరు. న్యాయశాస్త్రము చదివి ఆ శాఖకు వచ్చినవారు. రాజుగారు వచ్చిన దారి వేరు. ఏ సైన్యము ఆజాద్ హింద్ యోధునకు తన వరుసలో చోటు లేదన్నదో, ఆ సైన్యమును గూర్చి లోకసభ వేయు ప్రశ్నలకు ప్రభుత్వ పక్షమున లేచి బదులు చెప్పుచుండినవారు ఒక ఆజాద్ హింద్ కర్నల్!

ఉపమంత్రికి అధికారము మితము. శాఖలోని తుది నిర్ణయములు పై మంత్రివి. కావున ఆ పదవివలన తోడి సైనికుల కొరత తీరినదనుట అతిశయోక్తి యగును. కాని ప్రతిన మాటకు వచ్చినచో, వారిని ద్రోహులనుటకు నోరెత్తువానికి ఆ కుర్చీయే సమాధానము. పాలకుని ఉప్పు తినుట ఒకటి, నేలతల్లి ఉప్పు తినుట వేరొకటి. ఆ ఉప్పు పండించినది ఈ దేశపు కూలివాడేగాని దొరగాడు కాదు. చినగంజాము ఉప్పుకొఠారులను ఎరిగిన బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.