లేని ధ్వనిని వినే చెవి

ఖమ్మం మైదానం భద్రాచలం అడవుల్లోకి ఒరిగే చోట ఉన్న కారేపల్లి చుట్టుపక్కల తెలుగు, కోయ, లంబాడీ మాటలు కలగలిసి వినిపిస్తాయి. ఇలాంటి చోట ఏ భాష దేని నుంచి ఎన్ని పదాలు అరువు తెచ్చుకుందో లెక్కపెట్టడం పరిశీలకులకు అలవాటు. నాకు మాత్రం అంతకంటె లోతైన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. మాటలోంచి ఒక ధ్వని జారిపోతే వినేవారికి ఆ లోటు ఎందుకు తెలియదు? ధ్వనులు అరిగిపోవడాన్ని మనం ఎప్పుడూ నాలుక బద్ధకం కిందనే జమకడతాం. కానీ పలికినవాడు వదిలేసినదాన్ని విన్నవాడు పూరించుకోలేకపోతే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే ధ్వనిలోపం చరిత్ర చాలావరకు చెవి చరిత్రే అంటాను.

దీనికి గట్టి సాక్ష్యం గోండి కుటుంబంలోనే ఉంది. కోయ మాట కూడా ఆ కుటుంబానిదే. మూలద్రావిడంలో పదాల మొదట ఉన్న చకారం గోండిలో సకారమైంది. ఉత్తర, పశ్చిమ ప్రాంతాల్లో అది అలాగే నిలిచింది. దక్షిణానికి వచ్చేకొద్దీ హకారమై, ఇంకా దక్షిణ, ఆగ్నేయ దిశల్లో పూర్తిగా మాయమైంది. ఆరు అనే సంఖ్య ఒకచోట సారుంగ్, మరోచోట హారుంగ్. భద్రిరాజు కృష్ణమూర్తి 1998లో ఈ మార్పును వివరంగా పరిశీలించి, అది అన్ని పదాల్లో ఒక్కసారిగా జరగలేదనీ, ఒక్కో పదాన్నీ పట్టుకుంటూ పాకిందనీ చూపారు. నాలుక బద్ధకమే కారణమైతే సకారం ఎక్కడున్నా ఒకేసారి సడలాలి కదా. పదం వెంట పదం మారిందంటే, వినేవారు ఏ పదాన్ని హకారంతో, ఏ పదాన్ని హకారం లేకుండా గుర్తుపట్టగలుగుతున్నారన్నది కూడా లెక్కలోకి వచ్చిందని నేను అర్థం చేసుకుంటాను. తెలుగువాళ్లం కోయ మాటను చూసి నవ్వడానికి లేదు. మన ‘ఆరు’ ముందు కూడా ఒకప్పుడు హల్లు ఉండేది. తొలి తెలుగు శాసనాలకు చాలా ముందే అది పోయింది కాబట్టి ఎవరూ దాన్ని లోటుగా చెప్పుకోరు.

శాసనాలు మొదలైన తర్వాత కూడా ఈ జారుడు ఆగలేదు. 575 ప్రాంతంలో రేనాటి చోళులు వేయించిన శాసనాల్లో కనిపించే ‘ఴ’ అక్షరం తర్వాతి శతాబ్దాల్లో కనుమరుగై, చోఴులు చోడులయ్యారు. ‘వాండు’లోని నిండు అనునాసికం ‘వాఁడు’లో సగమై, ‘వాడు’లో సున్నా అయింది. ‘మ్రాను’ మానైంది, ‘క్రొత్త’ కొత్తయింది. రాత ధ్వనిని కాపాడుతుందని వాదించేవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. 1656 నాటి లాక్షణికుడు అప్పకవి ఏ పదంలో శకటరేఫ (ఱ) ఉండాలో పనిగట్టుకుని నిర్ణయించి చెప్పాడు. చెవికి తేడా తెలుస్తుంటే ఆ శ్రమ ఎందుకు? గ్రంథాల్లో గౌరవంగా కూర్చున్న అక్షరం ఇళ్లలో అప్పటికే చచ్చిపోయిందనడానికి ఆ నిర్ణయాలే రుజువు. ఇరవయ్యో శతాబ్దంలో గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడారు. కాలక్రమంలో అచ్చుపుస్తకాల్లోంచి అరసున్న తప్పుకున్నా అర్థం చెడిన వాక్యం లేదు.

చెవి చేసే ఈ పనిని ప్రయోగశాలలో పట్టుకోవడం చాలా ఆలస్యంగా జరిగింది. 1970లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వారెన్ ఒక ఇంగ్లిష్ పదంలోని సకారాన్ని తీసేసి ఆ చోట దగ్గు శబ్దం పెట్టాడు. విన్న 20 మందిలో 19 మంది ధ్వనులన్నీ ఉన్నాయనే చెప్పారు. మిగిలిన ఒక్కరూ పోయినదేదో తప్పుగా చెప్పారు. 1981లో భాషాశాస్త్రవేత్త జాన్ ఒహాలా ఒక అడుగు ముందుకేసి, ధ్వని మార్పుకు వినేవాడే మూలం కావచ్చన్నాడు. ఇక 2007లో భాషాశాస్త్రవేత్తలు కబాక్, ఇడ్సార్డీ కొరియన్లతో చేసిన ప్రయోగం ఈ విషయాన్ని మరింత సూక్ష్మంగా చూపింది. ‘క్’ తర్వాత ‘మ’ వచ్చే కలయికను కొరియన్ భాష ఒప్పుకోదు. అయినా ఆ రెంటి మధ్య వారికి అచ్చు వినిపించలేదు. ఎందుకంటే అక్షరం చివర ‘క్’ ఉండటం వారికి కొత్త కాదు. అక్షరం చివర ఉండకూడని ‘చ్’ వంటిది వచ్చినప్పుడు మాత్రం లేని అచ్చు వినిపించింది. అంటే చెవి తోచినట్టు పూరించదు, తన భాష కట్టుబాటు ప్రకారమే పూరిస్తుంది.

తెలుగు చెవి కట్టుబాటు వేరు. మనకు పదం సాధారణంగా అచ్చుతో ముగియాలి. అందుకే ఇంగ్లిష్ మాటలకు ఉకారం చేరి బస్సు, రైలు, స్కూలు అయ్యాయి. ఇది వినికిడి కాదు, విభక్తులు చేర్చుకునే సౌకర్యం కోసం వ్యాకరణం చేసిన ఏర్పాటని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ ఉకారమే ‘బస్సొచ్చింది’ అన్నప్పుడు మాయమవుతుంది, విన్నవారికి బస్సు బస్సుగానే అందుతుంది. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి నిత్యమని చిన్నయసూరి సూత్రీకరించింది ఈ అలవాటునే. చేర్చుకున్నా, జార్చుకున్నా గమనించనంత సులువుగా ఒక అచ్చు ఉందంటే అది వ్యాకరణానికే పరిమితమైన సంగతి కాదు. హల్లుతో ముగిసే పదాలకు అలవాటుపడిన లంబాడీ చెవి ఇంట్లో ఆ ఉకారాన్ని ఆశించదు, తెలుగులోకి వచ్చినప్పుడే ఆశించడం నేర్చుకుంటుంది.

ఇదంతా ఒప్పుకుంటే అపభ్రంశమన్న ఫిర్యాదు వట్టిపోతుందా, స్పష్టంగా పలకమని పిల్లలకు చెప్పనక్కర్లేదా అన్న అభ్యంతరం మిగులుతుంది. స్పష్టత కావాల్సిందే. అయితే ఏది అస్పష్టమో తేల్చేది ఎవరి చెవి? ఖమ్మం జిల్లాలో ‘వచ్చాడు’, ‘వచ్చిండు’ రెండూ వింటాం. ‘వచ్చినాడు’ పక్కన పెట్టి చూస్తే మొదటిదాంట్లో నకారమే పోయింది. రెండోదాంట్లో అనునాసికం నిలిచి దీర్ఘం పోయింది. పోగొట్టుకున్న లెక్కలో ‘వచ్చాడు’ ఏమీ తక్కువ తినలేదు. అయినా పాఠ్యపుస్తకాలూ సినిమాలూ దానికే చెవిని అలవాటు చేశాయి కాబట్టి, ఆ లోపం ప్రమాణమై, ఈ లోపం యాసగా మిగిలింది.